గిట్‌హబ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే?

ప్రశ్న: మా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు గిట్‌హబ్ అనే కోడ్ పంచుకునే సైటులో ఉంది. మార్పుల చరిత్రను నమోదు చేసే గిట్ వాడుతున్నాం కాబట్టి కోడ్ చరిత్రంతా మా అందరి కంప్యూటర్లలోనూ ఉంటుంది. ఆ సైటు మూతపడినా మాకు పోయేదేముంది?

జవాబు: కోడ్ పోదు. ఇష్యూలు (లోపాలు, కోరికలు నమోదు చేసే పేజీలు), పుల్ రిక్వెస్టుల (కోడ్ మార్పుల ప్రతిపాదనల) కింద జరిగిన చర్చలు, రిలీజ్ పేజీలో పెట్టిన ఫైళ్లు, అన్నిటికన్నా ముఖ్యంగా చిరునామా పోతాయి. కమిట్ సందేశంలో, అంటే ఒక మార్పుతో పాటు రాసే వివరణలో, "కారణం 412లో చూడండి" అని రాసి ఉందనుకోండి. ఆ 412వ ఇష్యూ సర్వర్ డేటాబేసులో ఉంటుంది తప్ప మీ క్లోన్‌లో (మీ కంప్యూటర్లోని కాపీలో) ఉండదు. పదేళ్ల తర్వాత ఆ లైను ఎందుకు రాశారో చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు.

ఇలాంటివి ఇదివరకే జరిగాయి. ఇలాంటి సైటే అయిన గూగుల్ కోడ్ 2015 ఆగస్టులో కొత్త మార్పులు తీసుకోవడం మానేసి, 2016 జనవరిలో మూతపడింది. గిటోరియస్ 2015లో పోయింది. బిట్‌బకెట్ 2020లో గిట్ లాంటి మరో పరికరమైన మెర్క్యూరియల్ రిపాజిటరీలను (కోడ్, దాని చరిత్ర ఉండే చోట్లను) తొలగించింది. సైటు నడుస్తూనే మీ ఒక్కరికే అందకుండా పోవచ్చు కూడా. అమెరికా ఆంక్షల పేరుతో గిట్‌హబ్ 2019లో ఇరాన్, సిరియా, క్రిమియా ఖాతాలపై పరిమితులు పెట్టింది. 2020 అక్టోబరులో ఒక కాపీరైట్ నోటీసు అందగానే వీడియోలు దించుకునే యూట్యూబ్-డీఎల్‌ను తీసేసి, మరుసటి నెల తిరిగి పెట్టింది.

ప్రశ్న: అయితే బ్యాకప్ ఎలా తీసుకోవాలి?

జవాబు: గిట్ క్లోన్ ఆదేశానికి మిర్రర్ ఆప్షన్ ఇవ్వండి, రిపాజిటరీ మొత్తం కాపీ అవుతుంది. వికీ వేరే రిపాజిటరీ కాబట్టి దాన్ని విడిగా క్లోన్ చేయాలి. పెద్ద ఫైళ్లు ఎల్ఎఫ్ఎస్‌లో (వాటిని విడిగా ఉంచే గిట్ అనుబంధంలో) ఉంటే క్లోన్‌తో రావు, వాటన్నిటినీ ఎల్ఎఫ్ఎస్ ఫెచ్‌తో తెచ్చుకోవాలి.

మిర్రర్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ అసలు చోట ఎవరైనా ఫోర్స్ పుష్‌తో (పాతదానిపై బలవంతంగా కొత్తది రాసే ఆదేశంతో) చరిత్రను చెరిపేస్తే, తర్వాతి అప్‌డేట్‌లో మిర్రర్ కూడా ఆ మార్పునే తెచ్చుకుంటుంది. అందుకే నెలకోసారి గిట్ బండిల్‌తో మొత్తాన్ని ఒకే ఫైలుగా చేసి, పేరులో తేదీ పెట్టి మరో డిస్కులో దాచండి. ఆ ఫైలు నుంచి ఒకసారి క్లోన్ చేసి చూస్తేనే అది పనికొస్తుందో లేదో తెలుస్తుంది.

ఇష్యూలను ఏపీఐ (ప్రోగ్రాములు సైటు నుంచి డేటా అడిగే మార్గం) ద్వారా దించుకోవాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఏమీ చెప్పకపోతే ఏపీఐ తెరిచి ఉన్న ఇష్యూలే ఇస్తుంది, అదీ పేజీకి 30 చొప్పున. స్టేట్‌ను "ఆల్" అని, పేజీకి 100 అని పెట్టి చివరి పేజీ దాకా వెళ్లాలి. కామెంట్లను వేరుగా అడగాలి. టోకెన్ (మీ ఖాతాను గుర్తించే కీ) లేకుండా గంటకు 60 అభ్యర్థనలే కుదురుతాయి, టోకెన్ ఉంటే 5,000 వరకు. చిన్న ప్రాజెక్టుకు అది చాలు.

ప్రశ్న: వేరే చోటికి మారితే ఏవి విరిగిపోతాయి?

జవాబు: ముందు లింకులు. గో ప్రోగ్రామింగ్ భాష మాడ్యూళ్లలో హోస్టు (సైటు) పేరు ఇంపోర్ట్ దారిలోనే ఉంటుంది, కాబట్టి మీ కోడ్ వాడుకునే ప్రతి ప్రాజెక్టూ మార్చుకోవాల్సి వస్తుంది. మొదటి నుంచీ సొంత డొమైన్ పేరు వాడితే ఈ తిప్పలు ఉండవు. సర్వర్ ఎవరిదైనా ఫర్వాలేదు గానీ పేరు మాత్రం మీ చేతిలో ఉండాలి.

తర్వాత సీఐ, అంటే కోడ్ మారినప్పుడల్లా దానంతటదే జరిగే బిల్డ్, టెస్టులు. బిల్డ్, టెస్టు మెట్లన్నీ వర్క్‌ఫ్లో ఫైలులో (గిట్‌హబ్ సీఐకి సూచనలిచ్చే ఫైలులో) రాయకుండా రిపాజిటరీలోనే ఒక షెల్ స్క్రిప్టుగా పెట్టి, వర్క్‌ఫ్లో దాన్ని పిలిచేలా చేయండి. గిట్‌హబ్‌లో సీక్రెట్‌గా దాచిన కీలను మళ్లీ తెరిచి చూడలేరు. వేరేచోట కాపీ లేకపోతే కొత్తవి తయారు చేసుకోవడమే.

ఫోర్జెజో అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే కోడ్‌బర్గ్ లాంటి సైటుకు వెళ్తే, మైగ్రేషన్ పేజీలో ఇష్యూలు, లేబుళ్లు, రిలీజుల గడులకు టిక్ పెట్టండి. దాన్ని మిర్రర్‌గా ఎంచుకుంటే ఇష్యూలు రావు. వాటి నంబర్లు మారకుండా ఉండాలంటే కొత్త రిపాజిటరీతోనే మొదలుపెట్టాలి. మారాక పాతచోట రీడ్‌మీలో కొత్త చిరునామా రాసి, రిపాజిటరీని ఆర్కైవ్ చేయండి (చదవడానికి మాత్రమే ఉండేలా). తొలగించవద్దు.