టెరిటోరియల్ ఆర్మీలో చేరబోతున్న మా అబ్బాయికి

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు ఎస్ఎస్‌బీ, అదే ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ, దాటావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పగానే చాలా సంతోషం వేసింది. టెరిటోరియల్ ఆర్మీ అంటే సొంత ఉద్యోగం చేసుకుంటూనే, పిలిచినప్పుడు వెళ్లి సేవ చేసే సైన్యం కదా, ఉన్న ఉద్యోగం పోతుందేమోనని మీ అమ్మకు టెన్షన్‌గా ఉందట. డ్యూటీకి పిలిచినవాళ్లను తిరిగి పనిలోకి తీసుకోవాలని చట్టమే చెబుతోంది. అయినా ఆఫీసులో ముందే రాతపూర్వకంగా తెలియజేయి. ఇది పర్మనెంట్ కొలువు కాదని కూడా అమ్మకు నువ్వే చెప్పాలి.

1949లో అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ ప్రారంభించిన ఈ బలగం 1962, 1965, 1971 యుద్ధాల్లో పాల్గొంది. కానీ నీకు ఎక్కువగా పడేది కాపలా డ్యూటీ, వరదలొస్తే సహాయం. కాపలాను చిన్నచూపు చూడకు. నువ్వు వంతెన దగ్గర నిలబడితేనే రెగ్యులర్ జవాను సరిహద్దుకు వెళ్లగలడు.

అన్నిటికన్నా కష్టం గుంపు ముందు నిలబడటం. అక్కడున్నది శత్రువు కాదు, మన జనం. పోలీసులతో అదుపు కానప్పుడే సైన్యాన్ని పిలుస్తారు. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహిత 149వ సెక్షన్ బట్టీపట్టు. జిల్లా మేజిస్ట్రేట్ గానీ, ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ గానీ అక్కడ ఉండి, గుంపును చెదరగొట్టమని చెప్పాలి. వీలైనంత తక్కువ బలం, తక్కువ నష్టం అన్నది ఆ సెక్షన్‌లోనే ఉంది. ఏ మేజిస్ట్రేట్‌తోనూ మాట్లాడే దారి లేక, ప్రజల భద్రతకు కళ్లెదుటే ముప్పు వస్తే, 150వ సెక్షన్ నీలాంటి ఆఫీసర్‌కు సొంత నిర్ణయాధికారం ఇస్తుంది. మేజిస్ట్రేట్ అందుబాటులోకి వచ్చిన క్షణం నుంచి మళ్లీ ఆయన మాటే. ఎవరు, ఎన్నింటికి, ఏం ఆదేశించారో అప్పటికప్పుడే రాసిపెట్టు. సాయంత్రానికి ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతారు.

జనం మధ్య బతికినవాడివి కావడమే నీకున్న బలం. జమ్మూ కశ్మీర్‌లో హోమ్ అండ్ హార్త్ అనే టెరిటోరియల్ ఆర్మీ బెటాలియన్లలోకి స్థానికులను తీసుకున్నదీ అందుకే. దారులు, భాష, మనుషులు తెలిసినవాడు తొందరపడి తుపాకీ ఎత్తడు. మాట్లాడితే చల్లబడే గొడవలు చాలా ఉంటాయి, ముందు మాట్లాడు.

డ్యూటీలో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకు. ఊళ్లో పార్టీ గొడవల్లో తలదూర్చకు. రేపు అదే జనం ముందు యూనిఫాంలో నిలబడాలి. సుబేదార్ సాబ్ చెప్పేది పూర్తిగా విని, ఆ తర్వాతే ఆర్డర్ ఇవ్వు. ఏటా రెండు నెలల శిక్షణ ఉంటుంది కాబట్టి మిగతా పది నెలలూ పరుగు మానకు. బూట్లు ఇప్పుడే కొని వాడటం మొదలుపెట్టు, కొత్త బూట్లతో క్యాంపుకు వెళితే కాళ్లు పుండ్లు పడతాయి.

మీ బాబాయి