విదేశీ ఒప్పందాలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరా?

కాదు, విదేశాలతో ఒప్పందంపై సంతకం, ధ్రువీకరణ (దానికి కట్టుబడతామని తుది ఆమోదం) రెండూ కేంద్ర ప్రభుత్వమే చేయగలదు. రాజ్యాంగంలోని 73వ అధికరణం ఆ అధికారాన్ని దానికే ఇచ్చింది. అమలుకు చట్టం మార్చాల్సి వస్తే మాత్రం పార్లమెంటుకు వెళ్లాలి.

బంగ్లాదేశ్‌తో భూసరిహద్దు ఒప్పందం 1974లోనే కుదిరింది. భూభాగం చేతులు మారుతుంది కనుక రాజ్యాంగ సవరణ కావాలి. ఆ 100వ సవరణ 2015లో గానీ రాలేదు. అన్నేళ్లూ సరిహద్దు ఎన్‌క్లేవ్‌ల (ఒక దేశం లోపల చిక్కుకున్న మరో దేశపు భూభాగాల) జనం కరెంటు, రోడ్డు, బడి వంటి కనీస వసతులు సరిగా లేక నలిగిపోయారు. ఇది నిజంగా బాధాకరం.

రొయ్యల ఎగుమతులపై విదేశంతో ఒప్పందమంటే మన విశాఖ ఎంపీ సభలో ఓటేసి ఆపగలరని చాలామంది అనుకుంటారు. కానీ అలా సభలో ఓటింగ్ అమెరికా పద్ధతి. అక్కడ ట్రీటీకి (విదేశీ ఒప్పందానికి) ఎగువ సభ సెనేట్‌లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. మన ఎంపీ ప్రశ్న వేయొచ్చు, చర్చ కోరవచ్చు, స్థాయీ సంఘంలో (ఎంపీలతో కూడిన పార్లమెంటు కమిటీలో) అధికారులను నిలదీయొచ్చు.