ఒంటి వాసన నచ్చడం వెనక నిజంగా సైన్స్ ఉందా? ఫెరోమోన్ స్ప్రే పనిచేస్తుందా?

మీరడిగిన రెండింట్లో మొదటిదానికి అవును, రెండోదానికి కాదు. ఈ విషయం నాకు పుస్తకాల కన్నా ముందు ఒంటిమీదకి వచ్చి తెలిసింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.

కోవిడ్ వచ్చినప్పుడు నాకు వాసన పూర్తిగా పోయింది, జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి రాలేదు. తిండి చప్పగా ఉంటుందని అందరూ చెప్పారు, దానికి సిద్ధపడే ఉన్నా. ఎవరూ చెప్పనిది ఏంటంటే మా ఆయన పక్కన పడుకుంటే పరాయి మనిషి పక్కన ఉన్నట్టు ఉండటం. మెడ దగ్గర మొహం పెడితే వెచ్చగానే ఉండేది, గడ్డం గుచ్చుకునేది, అంతవరకే, ఆయన మాత్రం అక్కడ లేనట్టు అనిపించేది. మా మధ్య ఏ గొడవా లేదు, అయినా దగ్గరికి వెళ్ళాలనే అనిపించేది కాదు, పాపం ఆయనేమో నాకు కోపం వచ్చిందనుకున్నారు. తర్వాత ఒకరోజు ఉతకడానికి ఆయన చొక్కా తీస్తుంటే కాలర్ లోపల మడత దగ్గర సన్నగా ఏదో తగిలింది, చెమటా సబ్బూ కలిసిన ఆ వాసన, అక్కడే నిలబడి ఏడ్చేశా.

ఇక సైన్స్ సంగతి. చెమటకి అసలు వాసన దాదాపు ఉండదు. చంకల్లో అపోక్రైన్ అనే ఒక రకం చెమట గ్రంథుల నుంచి వచ్చేదాన్ని అక్కడుండే బ్యాక్టీరియా తిని విడగొడితే పుట్టేదే మన ఒంటి వాసన, ముఖ్యంగా స్టాఫిలోకాకస్ హోమినిస్ అనేది గంధకం ఉన్న ఘాటు పదార్థాలు తయారు చేస్తుంది. ఏబీసీసీ11 అనే జీన్ ఒక రకంగా ఉన్నవాళ్ళకి చంక వాసన చాలా తక్కువ, వాళ్ళ చెవిలో గుబిలి కూడా పొడిగా ఉంటుంది, కొరియా చైనా వైపు ఇలాంటివాళ్ళే ఎక్కువ.

వాసన నచ్చడానికీ జీన్స్‌కీ సంబంధం ఉందని మీరు వినే ఉంటారు, అది స్విట్జర్లాండ్‌లో క్లాస్ వెడెకిండ్ అనే శాస్త్రవేత్త 1995లో చేసిన టీషర్ట్ ప్రయోగం గురించి అయ్యుండాలి. మగవాళ్ళు రెండు రాత్రులు వేసుకున్న టీషర్టులు ఆడవాళ్ళకి వాసన చూపిస్తే, రోగనిరోధక జీన్స్ తమకి వేరుగా ఉన్నవాళ్ళ వాసనే ఎక్కువ నచ్చింది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళలో మాత్రం ఇది తిరగబడింది. కానీ తర్వాత వేరేవాళ్ళు చేసినవాటిలో కొన్నిట్లో అలా వచ్చింది, కొన్నిట్లో రాలేదు, అందుకని వాసన నచ్చలేదని ఒక సంబంధం వదులుకునేంత బలం దానికి లేదు.

ఫెరోమోన్ అంటే ఒక జీవి వదిలితే అదే జాతిలో ఇంకోదాని ప్రవర్తన మార్చే పదార్థం, పట్టుపురుగు సీతాకోకలో 1959లో దొరికిన బాంబికాల్ లాంటిది, ఆడదాని నుంచి అది గాల్లో రాగానే మగది రెక్కలు కొట్టుకుంటూ దాని దగ్గరికి వచ్చేస్తుంది. మనుషుల్లో అలా పనిచేసే పదార్థం ఒక్కటి కూడా ఇంతవరకూ రుజువు కాలేదు, ఫెరోమోన్ల మీద జీవితమంతా పనిచేసిన ట్రిస్ట్రమ్ వయాట్ 2015లో ఇదే రాశారు. కాబట్టి ఆ స్ప్రే మీద డబ్బు పెట్టకండి.

నాకు నమ్మకంగా అనిపించేది అలవాటు పడ్డ వాసన సంగతి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీవాళ్ళు 2018లో 96 మంది ఆడవాళ్ళ మీద చూస్తే, తమవాడి చొక్కా వాసన చూసినవాళ్ళకి ఒత్తిడి తక్కువ అనిపించింది, ముక్కూమొహం తెలియనివాడి చొక్కా అయితే ఒంట్లో కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది. వాసన కబురు మెదడులో భావోద్వేగాలు, జ్ఞాపకాలు ఉండే చోటికి దగ్గరదారిలో వెళ్తుంది, మిగతా ఇంద్రియాలలాగా ముందు మెదడులో కబుర్లు పంచిపెట్టే థాలమస్ దగ్గర ఆగదు. అందుకే ఇష్టమైన మనిషి వాసన కొన్నాళ్ళకి ఇష్టంలో భాగమైపోతుందని నేను గట్టిగా నమ్ముతా.

మీలో ఎవరికైనా నాలాగా వాసన పోయుంటే ముందు ఇంట్లో వాళ్ళకి చెప్పండి, దూరం జరిగింది మనసు కాదు ముక్కు అని వాళ్ళకి తెలియాలి. డాక్టర్ చెప్తే గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలు రోజూ పొద్దున సాయంత్రం కాసేపు వాసన చూసే స్మెల్ ట్రైనింగ్ మొదలుపెట్టండి, వారాల్లో కాదు నెలల్లో ఫలితం ఉంటుంది, మధ్యలో మానేయకండి.