గట్టు మీద పల్లేరుకాయ, రోడ్డు మీద ధాన్యం

రోడ్డు సైకిలు సరదాగా తొక్కేవాళ్ల సందేహాలకు జవాబులిచ్చే శీర్షిక ఇది. ఈసారి ఉత్తరాలన్నీ గోదావరి డెల్టా నుంచే ఎంచుకున్నాం. కొండల్లేని నేల కదా, తొక్కడం తేలికే అనుకుంటారు. కానీ ఇక్కడ కాలువ గట్టు, కోతల కాలం, సముద్రపు గాలి, ఈ మూడూ చూసుకునే బయల్దేరాలి.

ప్రశ్న: మా బ్యాచ్‌లో ఎవరి టైరు పంచరైతే ఆ రోజు టిఫిన్ బిల్లు వాళ్లదే. వరసగా నేనే కడుతున్నానండి. ట్యూబు మార్చిన కాసేపటికే మళ్లీ గాలి దిగిపోతోంది. ‘నీకు శని పట్టింది బావా’ అని ఒకటే ఎగతాళి. నాది 28 మి.మీ. టైరు. ధవళేశ్వరం నుంచి కాలువ గట్టు మీదుగా వెళ్తుంటాం. - రాజమహేంద్రవరం

జవాబు: పట్టింది శని కాదు, పల్లేరుకాయ. గట్ల మీదా, ఇసుక పేరుకున్న రోడ్డు అంచుల్లోనూ పల్లేరు నేలబారుగా పాకుతుంది. ఎండలు ముదిరేసరికి కాయలు ఎండి ముక్కలై రాలతాయి. ఎటు పడినా ఏదో ఒక ముల్లు పైకే ఉంటుంది. అది టైరులో దిగాక మొన విరిగి రబ్బరులోనే ఉండిపోతుంది. బయట ఏమీ కనబడదు. మీరు కొత్త ట్యూబు వేసి గాలి కొట్టగానే ఆ మొన దాన్నీ పొడుస్తుంది.

కాబట్టి ట్యూబు మార్చే ముందు కారణం వెతకండి. టైరు ఎక్కించేటప్పుడే దాని మీది కంపెనీ పేరు వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. పంచరైనప్పుడు పాత ట్యూబుకు గాలి కొట్టి చూస్తే వాల్వుకు జానెడు దూరంలో చిల్లు కనిపించిందనుకోండి, టైరు మీద కూడా పేరుకు అటు జానెడు, ఇటు జానెడు వెతికితే చాలు. లోపల వేలితో తడమకండి. జాతీయ రహదారి మీద లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఉక్కు తీగలు కూడా దిగుతుంటాయి, వేలు చీరుకుంటుంది. చిన్న దూది ఉండతో లోపలంతా తుడవండి. మొన ఉన్న చోట పోగులు పట్టుకుంటాయి. అక్కడ లోపలి నుంచి బయటికి నెట్టి, గోళ్ల కత్తెరతోనో పట్టకారుతోనో లాగేయండి.

చిల్లు ఉన్న చోటును బట్టే కారణం తెలుస్తుంది. రోడ్డు వైపు ఒకటే ఉంటే ముల్లో, తీగో, గాజుపెంకో. పక్కపక్కన రెండుంటే గాలి తక్కువై గుంత అంచుకు టైరు నొక్కుకుని రిమ్ము ట్యూబును కొరికినట్టు. రిమ్ము వైపు ఉంటే లోపలి టేపు జరిగి చువ్వల రంధ్రం అంచు కోస్తోందన్నమాట. ఆ టేపు మార్చకుండా ఎన్ని ట్యూబులు వేసినా దండగే.

ప్యాచ్ విషయంలో చాలామంది తొందరపడతారు. ట్యూబును గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దాలి. సొల్యూషన్ పల్చగా, ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర రాసి, సుమారు 5 నిమిషాలు ఆరనివ్వాలి. తడి మెరుపు పోయాకే ప్యాచ్ పెట్టి గట్టిగా నొక్కాలి. తడిగా ఉన్నప్పుడు పెడితే మూడో కిలోమీటరులోనే ఊడి వస్తుంది. టైరే చీలిపోతే టూత్‌పేస్టు ట్యూబు ముక్కను లోపలివైపు అడ్డం పెట్టి, గాలి కాస్త తగ్గించి నెమ్మదిగా ఇంటికి రావచ్చు.

75 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో ముందు 65-70, వెనక 70-75 పీఎస్ఐ సరిపోతుంది. వానలో ఇంకో 5 తగ్గించండి. రోడ్డు టైరు ట్యూబు పల్చన, గాలి రోజూ కొంత దిగుతుంది. అందుకని బయల్దేరే ప్రతిసారీ కొలవాలి. పంపు గొట్టం మర తిప్పి తీసేటప్పుడు సన్న వాల్వు లోపలి పిన్ను కూడా ఊడొచ్చి గాలంతా పోవడం తరచూ జరిగేదే. కొత్త ట్యూబు కొనగానే ఆ పిన్నును చిన్న పట్టకారుతో ఒకసారి బిగించుకోండి.

ఊళ్లలో సైకిలు షాపు ఉంది కదా అన్న ధీమా మాత్రం వద్దు. అక్కడ దొరికే 28 అంగుళాల మామూలు సైకిలు టైరు కూర్చునే కొలత 635 మి.మీ., మన రోడ్డు సైకిలు టైరు (700సీ అంటారు)ది 622. అది మన రిమ్ము మీద నిలవదు. ఆ ట్యూబు వాల్వు లావు 8 మి.మీ., మన రిమ్ము రంధ్రం సుమారు 6.5. సొంత ట్యూబులు రెండు, టైరు లివర్లు రెండు, పంపు, ప్యాచ్‌లు మీ దగ్గరుండాల్సిందే.

ప్రశ్న: కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. మేం తప్పుకుని వెళ్తాం, మాలో ఒకడు మాత్రం ‘టైరు మసాజ్’ అంటూ మీద నుంచే తొక్కేస్తాడు. మొన్న ఎదురుగా బస్సు రాగానే బ్రేకు పట్టి జారిపడ్డాడు. నవ్వాం గానీ మోచెయ్యి చూశాక నవ్వు ఆగిపోయింది. - మండపేట

జవాబు: మొదటి మాట, ధాన్యం మీద తొక్కకూడదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించితే తీసుకోరు. కళ్లాలు చాలక రైతు రోడ్డెక్కుతాడు. నవంబరు, డిసెంబరుల్లో సార్వా, ఏప్రిల్, మే నెలల్లో దాళ్వా ధాన్యం వస్తుంది కాబట్టి ఆ రోజుల్లో దారి ముందే మార్చుకోండి. మార్చలేకపోతే దిగి నడిపించండి. మీ సరదా కోసం వాళ్ల గింజ నలగడం మాకు సమ్మతం కాదు.

ఇక జారడం సంగతి. ఎండిన వడ్లు గట్టిగా, నున్నగా ఉంటాయి. టైరు తారును తాకదు, గింజల మీద దొర్లుతుంది. బ్రేకు పట్టినా, హ్యాండిలు తిప్పినా పట్టు దొరకదు. పొరపాటున ఎక్కేస్తే తొక్కడం ఆపండి. హ్యాండిలు తిన్నగా ఉంచి, బరువు వెనక్కి వేసి, దాటేదాకా బ్రేకు ముట్టుకోకండి.

అంతకన్నా పెద్ద ప్రమాదం ధాన్యం ఎత్తేశాక ఉంటుంది. బరకాలు ఎగరకుండా పెట్టిన రాళ్లు, ఇటుకలు రోడ్డు అంచునే మిగిలిపోతాయి. తెల్లవారుజామున అవి కనబడవు. ముందు లైటు 400 ల్యూమెన్లకు తగ్గకూడదు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ముందున్నవాడు ‘రాయి!’ అని అరవడమే కాదు, అది ఏ వైపు ఉందో చెయ్యి చాపి చూపించాలి.

గీరుకుపోయిన చోట ఇసుక రేణువులు మిగలకుండా సబ్బు నీళ్లతో కడగాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ తీసుకుని ఐదేళ్లు దాటితే డాక్టరును అడగండి. తల నేలకు తగిలి ఉంటే ఆ హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు, మార్చేయండి.

ప్రశ్న: వరిగడ్డి ట్రాక్టరు వెనకాల వెళ్తుంటే గడ్డి గేర్లలో చుట్టుకుంది. అలాగే తొక్కాను. ఇప్పుడు గేరు ఒకటి వేస్తే ఇంకోటి పడుతోంది. - పాలకొల్లు

జవాబు: గడ్డి డీరైలర్ (వెనక గేర్లు మార్చే పరికరం) చిన్న చక్రాల్లో చుట్టుకుని బిగుసుకుంటే చైను డీరైలర్‌ను వెనక్కి, పైకి లాగేస్తుంది. దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ మెత్తటి అల్యూమినియం. ఫ్రేము పాడవకుండా అది వంగాలనే అలా చేస్తారు. మీది వంగింది. వెనక నుంచి చూడండి: పైనా కిందా ఉన్న రెండు చిన్న చక్రాలూ ఒకే నిలువు గీతలో లేకపోతే అదే కారణం. సరిచేసేదాకా అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రంలోకి గేరు మార్చొద్దు. డీరైలర్ చువ్వల్లోకి దూరితే చక్రమూ పోతుంది, మీరూ పడతారు. కేబులు బిగించి సర్దుకుందామని చూడకండి, మెకానిక్ గేజి పెట్టి హ్యాంగర్‌ను వంచాలి. హ్యాంగర్ ప్రతి మోడల్‌కీ వేరు, మన పట్టణాల్లో వెంటనే దొరకదు. మీ మోడల్‌ది ఒకటి తెప్పించి సీటు సంచిలో వేసుకోండి.

ఈసారి గడ్డి చప్పుడు వినగానే తొక్కడం ఆపాలి. చిన్న పళ్ల చక్రంలోకి వేసి, వెనక చక్రం విప్పి, పెడలు చేత్తో వెనక్కి తిప్పుతూ పరక పరకా లాగాలి.

ప్రశ్న: చైనుకు మా ఇంటి గానుగ కొబ్బరినూనె వేస్తున్నాను. ‘కోనసీమ సైకిలు, వాసనకే ముందుకెళ్తుంది’ అంటారు మావాళ్లు. తప్పా? - అమలాపురం

జవాబు: తప్పే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మీ దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుంది. లింకుల లోపల నూనె పేరుకుంటుంది గానీ పారదు. పైగా దుమ్మును పట్టుకుని ఆకురాయిలా పనిచేస్తుంది. చైనును కిరసనాయిలుతో కడిగి, బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి చైను లూబ్ వేయండి. లింకుల మధ్య తిరిగే ఒక్కో రోలరుకు ఒక్క చుక్క చాలు. రాత్రి వేసి పొద్దున పైనున్నదంతా తుడిచేయాలి. నూనె పని చేయాల్సింది రోలరు లోపల, పైన ఉన్నది మట్టికే ఉపయోగం. వానాకాలం తడికి ఆగే రకం, ఎండాకాలం పొడి రకం వాడండి.

చైను అరుగుదల స్కేలుతోనే చూడొచ్చు. ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే కొత్త చైనులో 12 అంగుళాల దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్య వస్తుంది. ఆ పిన్ను 12 అంగుళాల గీతను 1/16 అంగుళం దాటితే మార్చేయండి, లేకపోతే పళ్ల చక్రాలు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది.

ప్రశ్న: నా ముందు చక్రం మావాడి వెనక చక్రానికి రాసుకుని నేను పడ్డాను. వాడు సీటు మీద నుంచి లేవడం వల్లే తగిలిందని నేనంటాను, ‘అతుక్కుని రావడం ఎందుకు’ అని వాడంటాడు. తీర్పు మీరే చెప్పండి. - భీమవరం

జవాబు: ముందు చక్రాన్ని కాపాడుకోవలసింది వెనకవాడే. చక్రాలు తగిలితే ముందువాడికి చిన్న కుదుపు, వెనకవాడికి హ్యాండిలు తిరిగి నేల. మీ చక్రం ఎప్పుడూ ఆయన చక్రానికి పక్కన చేరకూడదు. కొత్తగా కలిసి తొక్కేవాళ్లయితే మీటరు ఎడం, అలవాటైనవాళ్లయితే అరమీటరు ఉంచండి. చక్రాన్ని కాదు, ఆయన భుజాల మీదుగా రోడ్డును చూడాలి. ఆయన మాటలోనూ లోపముంది: తొక్కడం ఆపి లేస్తే సైకిలు వెనక్కి వచ్చినట్టవుతుంది. లేవబోతున్నానని ముందే చెప్పి, పెడలు మీద బలం తగ్గకుండా లేవాలి. వెనక వచ్చేవాడికి శ్రమ పావు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది కాబట్టి వంతులు మారడం మర్యాద. రొయ్యల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోయే మీ రోడ్ల మీద మలుపుల్లో మాత్రం ఎవరి వెనకా దగ్గరగా వెళ్లకండి.

ప్రశ్న: రైల్వే గేటు దగ్గర ఆగబోయి, బూటు పెడల్ నుంచి రాక పక్కకు ఒరిగిపోయాను. గేటు దగ్గరున్న జనమంతా చూశారండి. - తణుకు

జవాబు: బూటును పట్టి ఉంచే క్లిప్పు పెడల్ వాడేవాళ్లకు ఇది మామూలే. కంగారులో కాలు పైకి లాగుతారు, అది పైకి రాదు. మడమ బయటికి తిప్పితేనే వదులుతుంది. ఆగే చోటుకు పది, పదిహేను మీటర్ల ముందే ఒక కాలు విడిపించి, ఆ వైపే ఒరగండి. పెడల్ మీది చిన్న అలెన్ స్క్రూను వదులు చేస్తే బూటు తేలిగ్గా వస్తుంది. గోడ పట్టుకుని ఇంటి దగ్గరే సాధన చేయండి. పడుతున్నప్పుడు అరచెయ్యి నేలకు ఆనించొద్దు, మణికట్టు విరుగుతుంది. హ్యాండిలు వదలకుండా పక్కకు ఒరిగిపోతే చాలావరకు గీతలతో పోతుంది. పట్టాలు రోడ్డుకు ఏటవాలుగా ఉన్న చోట వాటిని లంబకోణంలో దాటాలి. వంతెనల కీళ్ల దగ్గరా అంతే.

ప్రశ్న: అంతర్వేది వెళ్లేటప్పుడు ఎగిరిపోయినట్టుంటుంది, కొన్నిసార్లు వచ్చేటప్పుడు ప్రాణం పోతుంది. కొన్నిసార్లు దానికి రివర్సు. ఎందుకు? - రాజోలు

జవాబు: గాలి. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం నుంచి లోపలికి వీస్తుంది. తెల్లవారకముందే బయల్దేరి తీరం చేరి, పొద్దెక్కాక తిరిగి వస్తే అది వీపు తడుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో పడమటి గాలి, చలికాలంలో ఈశాన్యపు గాలి దీన్ని తారుమారు చేస్తాయి. అందుకే బయల్దేరే ముందు గాలి దిశ చూసుకుని ఎదురుగాలిలోకే ముందు వెళ్లండి. ఎదుర్లంక-యానాం, దిండి-చించినాడ వంతెనల మీద అడ్డగాలి తోస్తుంది. అక్కడ లోతు రిమ్ములు (పక్క అంచు ఎత్తుగా ఉండేవి) ఉన్నవాళ్లు హ్యాండిలు కింది వంపులు పట్టుకుని, పక్కవాడికి దూరంగా ఉండాలి.

ప్రశ్న: ఆత్రేయపురం దాకా వెళ్లి, పెసరట్టు ఉప్మా, పూతరేకులు తిన్నాక కాళ్లు కదలవు. - కొత్తపేట

జవాబు: నెయ్యీ పప్పూ అరగడానికి గంటలు పడుతుంది. పూతరేకులు ఇంటికి కట్టించుకోండి. గంటన్నర దాటే సవారీలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. మాదిరి సైజు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. రావులపాలెం మార్కెట్ పక్కనే ఉంది కదా, చక్కెరకేళి జేబులో పెట్టుకోండి. ఆకలి వేయకముందే, ముప్పావు గంటకోసారి తినాలి. కొబ్బరిబొండంలో పొటాషియం ఎక్కువ, చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. బొండంలో చిటికెడు ఉప్పు కలుపుకోండి.

ప్రశ్న: సీటు గొట్టం ఫ్రేములో ఇరుక్కుపోయింది. - నరసాపురం

జవాబు: ఉప్పుగాలి, రెండు లోహాలు కలిస్తే ఇదే జరుగుతుంది. తుప్పు వదిలించే నూనె కీలు చుట్టూ పోసి రాత్రంతా ఉంచి, సీటు పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. సుత్తి పెట్టొద్దు. బయటికొచ్చాక శుభ్రం చేసి గ్రీజు రాయండి, కార్బన్ గొట్టమైతే గ్రీజు కాదు, కార్బన్ పేస్టు. ఇకపై మూడు నెలలకోసారి తీసి రాయాలి. తీరం వెళ్లొచ్చిన రోజే బకెట్టు మంచినీళ్లతో సైకిలు తుడవండి. సర్వీసింగు షెడ్డులోని జెట్ నీళ్లు చక్రం ఇరుసు మీద కొట్టించొద్దు, బేరింగు గ్రీజు కడుక్కుపోతుంది.