జింప్‌లో టూల్‌బాక్స్ బొమ్మ వెనక్కి పోకుండా ఏం చేయాలి?

ఫోటోలను దిద్దే ఉచిత ప్రోగ్రామ్ జింప్‌లో బొమ్మ మీద క్లిక్ చేయగానే టూల్‌బాక్స్ (పనిముట్ల పెట్టె), లేయర్ల డైలాగ్ (బొమ్మలోని పొరల జాబితా) దాని వెనక్కి వెళ్లిపోతున్నాయనీ, ఒక్కోసారి షార్ట్‌కట్ మీటలు కూడా పనిచేయడం లేదనీ అడిగారు. ఇవి ఒకే సమస్యలా కనిపించినా రెండు వేర్వేరు విషయాలు: ఏ విండో పైన ఉండాలన్నది ఒకటి, నొక్కిన మీట ఏ విండోకు చేరాలన్నది మరొకటి. పాత ఫోటోలను స్కాన్ చేసి బాగుచేసే పనిలో జింప్‌ను తరచూ వాడతాను కాబట్టి నాకు కుదిరిన అమరికను చెబుతున్నాను.

మీకు ఒకే మానిటర్ ఉంటే జింప్‌లోని విండోస్ మెనూలో, అన్నిటినీ ఒకే విండోలో ఉంచే సింగిల్ విండో మోడ్‌ను ఎంచుకుంటే చాలు. 2012లో విడుదలైన 2.8 వెర్షన్‌తో వచ్చిన ఈ సదుపాయం, 2018 నాటి 2.10 వెర్షన్ నుంచి మొదటే అమల్లో ఉంటోంది. చోటు చాలనప్పుడు ట్యాబ్ మీట నొక్కితే పక్క ప్యానెళ్లు దాగుతాయి, మళ్లీ నొక్కితే వస్తాయి.

రెండు మానిటర్లు ఉన్నవారికి మాత్రం విడివిడి విండోలే మేలని నా అభిప్రాయం. ఒకదానిలో బొమ్మను నిండుగా పరచుకొని, లేయర్లనూ అన్‌డూ హిస్టరీనీ (చేసిన మార్పుల జాబితా) రెండోదానిలో ఉంచుకోవచ్చు. అలాంటప్పుడు ఎడిట్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో విండో మేనేజ్‌మెంట్ పేజీ తెరిచి, టూల్‌బాక్స్‌కూ డాక్‌లకూ (లేయర్ల వంటి ప్యానెళ్లుండే విండోలు) ఉన్న హింట్‌ను, అంటే ఆ విండోలను ఎలా ఉంచాలో డెస్క్‌టాప్‌కు ఇచ్చే సూచనను, యుటిలిటీ విండోగా మార్చి, జింప్‌ను ఒకసారి మూసి తెరవండి. ఇక బొమ్మ ముందుకు వచ్చినప్పుడు అవీ దాని పైనే ఉంటాయి. అక్కడే కీప్ ఎబోవ్ అనే ఎంపిక కూడా ఉంది గానీ, దాన్ని పెడితే బ్రౌజర్ తెరిచినా టూల్‌బాక్స్ దాని నెత్తిన కూర్చుంటుంది. అయితే జింప్ తన కోరికను తెలపగలదే తప్ప, తుది నిర్ణయం డెస్క్‌టాప్‌లో విండోలను అమర్చే ప్రోగ్రామ్ అయిన విండో మేనేజర్‌దే కనుక, ఒక లినక్స్‌లో చక్కగా నడిచిన అమరిక మరో దానిలో నడవకపోవచ్చు.

ఫోకస్ (నొక్కిన మీటలను ఏ విండో అందుకుంటుందన్నది) మౌస్ వెంట నడిచేలా డెస్క్‌టాప్‌ను అమర్చుకున్నవారికి ఇంకో చిక్కు ఉంది. రెండు ఫోటోలు తెరిచి ఉన్నప్పుడు, లేయర్ల డైలాగ్ వైపు వెళ్తూ పాయింటర్ రెండో ఫోటో మీదుగా సాగితే, డైలాగ్‌లో ఆ ఫోటో లేయర్లు ప్రత్యక్షమవుతాయి. గమనించకుండా మార్పు చేస్తే అది వేరే బొమ్మకు పడుతుంది. ఆ విండో మేనేజ్‌మెంట్ పేజీలోనే, ఫోకస్ అందుకున్న బొమ్మనే యాక్టివేట్ చేయమనే టిక్‌ను తీసేస్తే ఈ బెడద తప్పుతుంది.

మీటలు పనిచేయకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం టూల్ ఆప్షన్స్‌లోని అంకెల గడి. బ్రష్ సైజు అక్కడ టైపు చేశాక కర్సర్ అందులోనే ఉండిపోతుంది కాబట్టి, మచ్చలను మాపే హీల్ టూల్ కోసం హెచ్ నొక్కినా అది కాన్వాస్‌కు (బొమ్మ ఉన్న చోటుకు) చేరదు. పోనీ అని కాన్వాస్ మీద క్లిక్ చేస్తే, చేతిలో ఉన్న బ్రష్ ఫోటోలోని మొహం మీద చుక్క పెడుతుంది. అందుకే నేను సైజు కోసం ఆ గడి జోలికి పోకుండా చదరపు బ్రాకెట్ల మీటలు వాడతాను: ఎడమది తగ్గిస్తుంది, కుడిది పెంచుతుంది, ఫోకస్ బొమ్మ మీదే ఉంటుంది. టెక్స్ట్ టూల్‌తో రాస్తున్నంతసేపు మాత్రం ఏ మీట నొక్కినా అక్షరంగానే పడుతుంది కనుక, అప్పుడు టూల్‌ను మౌస్‌తోనే మార్చుకోవాలి.