పాఠకుల ప్రశ్నలు: పీసీ-3 కణాలకు హార్మోన్ మందు ఎక్కడం లేదెందుకు?

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టు కోసం ప్రోస్టేట్ క్యాన్సర్ హార్మోన్ మందు ఎంజాలుటమైడ్‌ను పీసీ-3 అనే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తున్నాను. 10 మైక్రోమోలార్ దాకా వేసినా కణాల్లో మార్పు లేదు. పీఎస్ఏ (ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ప్రొటీన్) పరీక్షలో కూడా ఏమీ కనపడలేదు. మందు పాడైందంటారా?

జవాబు: మందును అనుమానించకండి. మీరు తాళమే లేని తలుపుకు చెవి తిప్పుతున్నారు. ఎంజాలుటమైడ్ వెళ్లి కూర్చునేది ఆండ్రోజన్ రిసెప్టర్ (కణంలో మగ హార్మోన్‌ను పట్టుకునే ప్రొటీన్) మీద. పీసీ-3లో అది లేనట్టే. రిసెప్టర్ లేకపోతే దాని ఆజ్ఞతో తయారయ్యే పీఎస్ఏ కూడా రాదు. అంటే మీ రెండు ఫలితాలూ సరైనవే, కణాల ఎంపిక తప్పు.

పీసీ-3ని 62 ఏళ్ల రోగి వెన్నెముకకు పాకిన కణితి నుంచి తీశారు, 1979లో ప్రచురించారు. దానికి ఏడాది ముందు వచ్చిన డీయూ145 మెదడుకు పాకిన కణితి నుంచి వచ్చింది. అందులోనూ రిసెప్టర్ లేదు. ఈ రెండూ పరిశోధనల్లో ఇంతగా కనిపించడానికి మా దృష్టిలో పెద్ద కారణం అవి చకచకా పెరగడం, ఫ్లాస్కుకు గట్టిగా అంటుకోవడం. వాటి సౌలభ్యం చూసి హార్మోన్ ప్రశ్నకు వాటిని వాడితే మీకు జరిగిందే జరుగుతుంది.

మీకు కావలసింది ఎల్ఎన్‌క్యాప్. 1977లో 50 ఏళ్ల రోగి ఎడమ కాలర్ బోన్ పైనున్న లింఫ్ గ్రంథి నుంచి సూదితో తీసిన కణాలవి. రిసెప్టర్ ఉంది, పీఎస్ఏ వస్తుంది. అయితే ఆ రిసెప్టర్‌లో ఒక మెలిక ఉంది. 878వ స్థానంలో (పాత పత్రాల్లో 877) థ్రియోనిన్‌కు బదులు అలనైన్ ఉంటుంది. దాంతో తలుపు వదులైపోయి ఈస్ట్రడయోల్, ప్రొజెస్టరాన్ కూడా దాన్ని తెరిచేస్తాయి. పాత మందు ఫ్లూటమైడ్ శరీరంలో మారే రూపమైన హైడ్రాక్సీఫ్లూటమైడ్‌నైతే ఈ కణాలు హార్మోన్‌గానే తీసుకుంటాయి, అడ్డుకోవలసింది పోయి పెంచుతుంది. ఎంజాలుటమైడ్‌కు ఆ ఇబ్బంది లేదు.

రెండో లైనుగా (ల్యాబులో తరతరాలుగా పెంచే కణాల వంశం) వీక్యాప్ పెట్టుకోండి. అందులో రిసెప్టర్ జన్యువు ప్రతులు ఎక్కువ, టీఎంపీఆర్ఎస్ఎస్2, ఈఆర్‌జీ జన్యువుల కలయిక కూడా ఉంది. నెమ్మదిగా పెరుగుతుంది, ఓపిక కావాలి. మందుకు లొంగని నమూనాగా 22ఆర్‌వీ1 పనికొస్తుంది. అందులో ఏఆర్-వీ7 అనే కురచ రిసెప్టర్ తయారవుతుంది, ఎంజాలుటమైడ్ పట్టుకునే భాగమే దానికి ఉండదు. పీసీ-3ని పారేయకండి, నెగెటివ్ కంట్రోల్‌గా ఉంచండి. రేపు మీ కొత్త మందు పీసీ-3ని కూడా అదే మోతాదులో చంపిందంటే అది రిసెప్టర్ దారిలో పనిచేయడం లేదని అర్థం.

ప్రశ్న: ఎల్ఎన్‌క్యాప్ కణాలు ప్రతిసారీ కడిగేటప్పుడు లేచిపోతున్నాయి. మిగిలినవి గుంపులుగా ఉంటున్నాయి. లెక్కలు కుదరడం లేదు.

జవాబు: ఈ కణాల స్వభావమే అంత. ఫ్లాస్కు అడుగున పరుచుకున్న పొరగా పెరగవు, గుత్తులుగా పెరుగుతాయి. అంటుకోవడం అంతంతమాత్రం. పాసేజ్ (కణాలను కొత్త ఫ్లాస్కులోకి మార్చడం) చేశాక మొదటి 48 గంటలు ఫ్లాస్కును కదపకండి. మైక్రోస్కోపు కింద చూడాలన్న ఉబలాటాన్ని కూడా ఆపుకోండి.

మీడియం (కణాలకు పోసే పోషక ద్రవం) ఆర్‌పీఎంఐ 1640, అందులో 10 శాతం సీరం. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోయకూడదు, చల్లదనానికే కణాలు ఊడిపోతాయి. 75 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్కుకు 15 నుంచి 20 లక్షల కణాలు వేయండి. మరీ పలచగా వేస్తే నెలైనా పుంజుకోవు. మీడియం తొందరగా పసుపురంగుకు తిరుగుతుంది, వారానికి రెండుసార్లు మార్చాలి.

పాసేజ్ రోజున కణాలు కడిగే ఉప్పు ద్రావణం పీబీఎస్‌ను గోరువెచ్చగా కణాలున్న వైపు కాకుండా ఎదుటి గోడ మీద పోసి, ఫ్లాస్కును ఒక్కసారి మెల్లగా వాల్చి తీసేయండి. కణాలను ఊడదీసే ఎంజైమ్ ట్రిప్సిన్ 0.05 శాతంది 2 మిల్లీలీటర్లు, రెండు మూడు నిమిషాలు చాలు. ఫ్లాస్కును చేత్తో కొట్టకండి, కొడితే పొర పొరగా లేచి గడ్డలవుతాయి. సీరం ఉన్న మీడియం 6 మిల్లీలీటర్లు పోసి, 5 మిల్లీలీటర్ల పిపెట్‌తో ఎనిమిది పదిసార్లు పైకీ కిందికీ తీయండి, గుత్తులు విడిపోతాయి. ట్రిప్సిన్‌లో ఎక్కువసేపు వదిలేస్తే చచ్చిన కణాల నుంచి డీఎన్ఏ బయటికొచ్చి ముక్కుచీమిడిలా తీగలు సాగుతుంది. ఆ తీగలు కనిపిస్తే ఆ రోజు లెక్క నమ్మకండి.

96 గుంటల ప్లేటులో గుంటకు 5 నుంచి 8 వేలు వేసి 48 గంటలు ఆగాలి. పీసీ-3కి 2 నుంచి 3 వేలు సరిపోతాయి. మీడియం మార్చేటప్పుడు ప్లేటును బోర్లించి విదిలించే అలవాటు ఇక్కడ పనికిరాదు. పిపెట్‌తో తీసి అడుగున 50 మైక్రోలీటర్లు వదిలేయండి. స్టెయినింగ్ కోసమైతే పాలీ-లైసిన్ పూసిన ప్లేటు తీసుకోండి. ముందు కడగొద్దు. మీడియం ఎంత ఉందో అంతే 8 శాతం ఫార్మాల్డిహైడ్ కలిపితే చివరికి 4 శాతం అవుతుంది. కణాలు బిగుసుకున్నాకే కడగండి. ఈ ఒక్క మార్పుతోనే ప్లేటు సగం నిలబడుతుంది.

ప్రశ్న: ఆర్1881 అనే కృత్రిమ మగ హార్మోన్ మోతాదు పెంచేకొద్దీ ఎల్ఎన్‌క్యాప్ కణాలు పెరగాలి కదా? 10 నానోమోలార్ దగ్గర కంట్రోల్ కంటే తగ్గాయి.

జవాబు: ఎంత పోస్తే అంత పెరగవు. 0.1 నానోమోలార్ దగ్గర పెరుగుదల శిఖరానికి చేరి, ఆపైన దిగిపోతుంది. గ్రాఫు గంట ఆకారంలో వస్తుంది. ఎక్కువ మోతాదులో కణం విభజన ఆపి పీఎస్ఏ తయారీలో పడుతుంది. అందుకే కణాల సంఖ్యతో పాటు పీఎస్ఏ కూడా కొలవండి. సంఖ్య తగ్గి పీఎస్ఏ పెరిగితే ప్రయోగం బాగానే నడిచినట్టు. మోతాదులు 0.01 నుంచి 10 దాకా కనీసం ఐదుండాలి.

మామూలు సీరంలో హార్మోన్లుంటాయి. ఫినాల్ రెడ్ లేని మీడియంలో, చార్‌కోల్‌తో శుద్ధి చేసిన సీరం 5 నుంచి 10 శాతం వేసి, కణాలను 48 నుంచి 72 గంటలు ఆకలితో ఉంచాకే హార్మోన్ ఇవ్వాలి. అయితే కణాలను ఆ సీరంలోనే నాటకండి, సరిగా అంటుకోవు. మామూలు మీడియంలో నాటి, కుదురుకున్నాక మార్చండి. హార్మోన్‌ను కరిగించే ఇథనాల్ అన్ని గుంటల్లోనూ ఒకే శాతం, 0.1 మించకుండా ఉండాలి. కంట్రోల్ గుంటలను మరిచిపోవడం సాధారణంగా జరిగే పొరపాటు. డీహెచ్‌టీ (శరీరంలోని సహజ మగ హార్మోన్) వాడేవాళ్లు దాన్ని ఈ కణాలు కొన్ని గంటల్లోనే కరగదీస్తాయని గుర్తుంచుకోవాలి. ఆర్1881 నిలకడగా ఉంటుంది, కానీ వెలుతురు తగలనివ్వకూడదు.

పాసేజ్ నంబరు కూడా చూసుకోండి. 33 లోపు పాసేజీల్లో హార్మోన్‌కు బాగా స్పందించిన కణాలే 80 దాటాక హార్మోన్ లేకుండా పెరగడం మొదలుపెట్టాయి. పేరు అదే, ప్రవర్తన వేరు.

ప్రశ్న: మా పీసీ-3కి ఎస్‌టీఆర్ పరీక్ష (కణాల గుర్తింపు కోసం చేసే డీఎన్ఏ పరీక్ష) చేయిస్తే లింగం దగ్గర ఎక్స్ మాత్రమే వచ్చింది. మగవారి గ్రంథి నుంచి తీసిన కణాలు కదా, కలుషితమయ్యాయా?

జవాబు: కంగారు పడకండి. పీసీ-3 వై క్రోమోజోమ్‌ను పోగొట్టుకుంది, ఎక్స్ ఒక్కటే రావడమే సబబు. వై వస్తేనే అనుమానించాలి. మిగతా గుర్తులు భద్రపరిచిన ప్రొఫైల్‌తో 80 శాతమో ఆపైనో కలిస్తే అదే లైను. ఎల్ఎన్‌క్యాప్‌లో డీఎన్ఏ తప్పులు సరిదిద్దే వ్యవస్థ చెడిపోయి ఉంటుంది కాబట్టి ఒకటి రెండు గుర్తులు పక్కకు జరగడం మామూలే.

అనుమానం మంచిదే. టీఎస్‌యూ-పీఆర్1 అని ఏళ్ల తరబడి ప్రోస్టేట్ కణాలుగా వాడినవి నిజానికి ఒక మహిళ మూత్రాశయ క్యాన్సర్ నుంచి వచ్చిన టీ24 కణాలని 2001లో తేలింది. పీపీసీ-1, ఆల్వా-31 పేర్లతో తిరిగినవి పీసీ-3 సంతానమే. కణాలు చేతికొచ్చిన రోజున, ఫ్రీజ్ చేసే ముందు, పత్రం పంపే ముందు పరీక్ష చేయించండి. మైకోప్లాస్మా (కణాల్లో చేరే సూక్ష్మ బ్యాక్టీరియా) పరీక్ష దీనికి అదనం. పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు, దానికి కణకవచమే లేదు.

ప్రశ్న: ఫలానా మొక్క సారం ల్యాబులో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలను చంపిందని వార్తల్లో వస్తుంటుంది. మా నాన్నగారికి వాడవచ్చా?

జవాబు: ఆ వార్తను ఆధారం చేసుకుని వాడకండి, ఆయన డాక్టర్‌కు చెప్పకుండా అసలే వాడకండి. ప్లేటులో కణాలను చంపడం తేలిక. ఉప్పునీరు చిక్కగా పోసినా చస్తాయి. వార్త చదివేటప్పుడు రెండు విషయాలు చూడండి: ఎంత మోతాదులో చంపింది, పక్కన ఆరోగ్యవంతమైన కణాలను పెట్టి చూశారా. కర్కుమిన్‌ను ప్లేటులో సాధారణంగా పదుల మైక్రోమోలార్లలో పోస్తారు. నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది అందులో చాలా చిన్న వంతు. పైగా బతికున్న కణాలను అంచనా వేసే ఎంటీటీ పరీక్ష రంగును కొలుస్తుంది. సారానికే రంగున్నా, అదే ఎంటీటీని నేరుగా రంగు మార్చేసినా లెక్క తప్పుతుంది. కణాలు లేని గుంటలో సారం ఒక్కటీ పోసి చూడని ఫలితాన్ని మేమైతే పక్కన పెడతాం.

ప్రశ్న: 22ఆర్‌వీ1లో వైరస్ ఉందంటున్నారు, నిజమేనా?

జవాబు: నిజమే. దాని పేరు ఎక్స్ఎంఆర్‌వీ. రోగి నుంచి రాలేదు. కణితిని ఎలుకల్లో పెంచుతున్నప్పుడు రెండు ఎలుక వైరస్ ముక్కలు కలిసి పుట్టిందని 2011లో తేల్చారు. ఈ కణాలు దాన్ని ధారాళంగా మీడియంలోకి వదులుతాయి, పక్కనున్న ఎల్ఎన్‌క్యాప్‌కు అంటవచ్చు. 22ఆర్‌వీ1కి మీడియం సీసా విడిగా పెట్టండి. హుడ్‌లో ఆ రోజు పనిలో దాన్ని చివరికి ఉంచండి.