‘13 వచ్చాక కొంటానమ్మా’ అంటున్న అబ్బాయి

ప్రశ్న: మా అబ్బాయి కడపలో బీకాం చివరి సంవత్సరం చదువుతున్నాడు. పాటలకు మ్యూజిక్ చేయడమంటే పిచ్చి. చెక్కభజన పాటలు రికార్డు చేసి, పెళ్లి వీడియోలకు బిట్లు కొట్టి పాతిక వేల దాకా కూడబెట్టాడు. ఆ డబ్బుతో ఏబుల్టన్ లైవ్ అనే, కంప్యూటర్‌లో పాటలు చేసే సాఫ్ట్‌వేర్ కొంటానన్నాడు. తీరా ఇప్పుడు ‘వెర్షన్ 12 దండగమ్మా, 13 వస్తుంది, అప్పుడు కొంటా’ అంటూ ఆరు నెలలుగా ఊరికే కూర్చున్నాడు. మొదలుపెట్టిన పాటలన్నీ సగంలో ఉన్నాయి. పనంతా వాళ్లన్న వాడి వదిలేసిన 4 జీబీ ల్యాప్‌టాప్ మీదే. మైకు తగిలించే పెట్టెతో పాటు వచ్చిన పాత లైట్ వెర్షన్ వాడుతున్నాడు. వాళ్ల నాన్నేమో బ్యాంకు కోచింగ్‌కు పంపేద్దామంటున్నారు. వాడు చెప్పేదాంట్లో న్యాయముందా?
— ఒక తల్లి, ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: కొనే విషయంలో మీ అబ్బాయి మాట తీసిపారేయదగ్గది కాదమ్మా. ముందు అది చెప్తాను, తర్వాత మీ బాధ సంగతికి వస్తాను.

లైవ్ 9 వచ్చింది 2013 మార్చిలో. 10 కోసం జనం 2018 ఫిబ్రవరి దాకా, అంటే ఐదేళ్లు చూశారు. 11 2021 ఫిబ్రవరిలో, 12 2024 మార్చిలో వచ్చాయి. చివరి రెండింటికీ మూడేసి ఏళ్లు పట్టింది కాబట్టి పిల్లలు తర్వాతి దానికీ అదే లెక్క వేసుకుంటారు. ఆ లెక్కకు కంపెనీ కట్టుబడి ఉండాలని ఎక్కడా లేదు. పనికొచ్చే సంగతి వేరే ఉంది. 2020 నవంబరులో 11ను ప్రకటించినప్పుడూ, 2023 నవంబరులో 12ను ప్రకటించినప్పుడూ ఆ కంపెనీ అప్పటి వెర్షన్‌ను 20 శాతం తగ్గించి అమ్మింది. కొన్నవాళ్లకు కొత్తది వచ్చాక ఉచితంగా ఇచ్చింది. అంటే ప్రకటన వచ్చిన రోజున కొన్నవాడికి రెండూ దక్కాయి. ప్రకటన రాకముందు ఊహల మీద ఆరు నెలలు కూర్చున్నవాడికి దక్కింది ఆరు నెలల ఖాళీ. పైగా 12 కొన్నవాళ్లకు 12.1, 12.2 లాంటి మధ్య వెర్షన్లు ఉచితంగానే వచ్చాయి.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ 4 జీబీ ల్యాప్‌టాప్. లైవ్ 12కే కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. 13 రేపు పొద్దున వచ్చినా ఆ ల్యాప్‌టాప్ మీద దాన్ని నడపగలడా? ఈ సంగతి మీ అబ్బాయికి తెలియదని నేననుకోను. తెలిసీ దాని ఊసెత్తడం లేదంటే, వాడు ఎదురుచూస్తున్నది సాఫ్ట్‌వేర్ కోసం కాదు. సగంలో ఆగిన పాటను పూర్తిచేసి పదిమందికి వినిపించాలంటే ఎవరికైనా టెన్షనే. వెర్షన్ రాలేదనుకుంటే ఆ టెన్షన్ వాయిదా పడుతుంది. ఈ పనిలోకి వచ్చే చాలామంది పిల్లల్లో ఇది చూస్తుంటాను. తిడితే పోయేది కాదు.

పాట పూర్తవడానికి వెర్షన్‌తో పనిలేదని వాడికి వాడి పాటలోనే చూపించవచ్చు. చెక్కభజననే తీసుకోండి. గుంపు మధ్యలో ఒక్క మైకు పెట్టి రికార్డు చేస్తే చెక్కల చప్పుడు పాటను మింగేస్తుంది. మాటలు స్పష్టంగా వినిపించేది సుమారు 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్య. చెక్కల పదును కూడా అక్కడే ఎక్కువగా పడుతుంది. ఈక్వలైజర్‌తో (శబ్దంలో ఏ భాగాన్నైనా పెంచే, తగ్గించే పనిముట్టు) దాన్ని కోస్తే చ, స, ట లాంటి అక్షరాలు కూడా మొద్దుబారిపోతాయి. 13లోనూ ఇది ఇంతే. మందు మైకు దగ్గరుంది. పాడే గురువును మైకుకు జానెడు దూరంలో నిలబెట్టి, చెక్కల వాళ్లను పది పన్నెండు అడుగులు వెనక్కి పంపాలి. లేదా గుంపును ముందు రికార్డు చేసుకుని, గురువు చేత ఇంట్లో ఫ్యాన్ ఆపి, గోడలకు బొంతలు వేలాడదీసి, హెడ్‌ఫోన్స్ పెట్టి విడిగా పాడించాలి. గురువు గొంతు, వంత, చెక్కలు, డోలక్, హార్మోనియం, తాళాలు: ఒక్కోదాన్ని విడిగా ఉంచే వరసను ట్రాకు అంటారు, ఎంత లెక్కేసినా ఆరు ట్రాకులు. వాడి దగ్గరున్న లైట్‌లో ఎనిమిది ఉన్నాయి.

డబ్బులిచ్చేవాళ్లు అడిగేదీ వేరే. ప్రొద్దుటూరులోనో కడపలోనో పెళ్లి వీడియో ఎడిట్ చేసే అతనికి కావాల్సింది 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, ఒప్పుకున్న రోజుకు. అది ఏ సాఫ్ట్‌వేర్‌లో పుట్టిందో ఆయనకు అక్కర్లేదు. హైదరాబాద్ స్టూడియోకు పాట పంపినా ఒక్కో ట్రాకును విడి ఫైలుగా తీసి పంపడమే రివాజు, వాటిని ఏ వెర్షన్‌లోనైనా, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరవచ్చు. వెర్షన్ తేడా నిజంగా ఇబ్బంది పెట్టేది ఇద్దరు ఒకే ప్రాజెక్టు ఫైలును అటూ ఇటూ పంపుకున్నప్పుడు. కొత్తదానిలో సేవ్ చేసింది పాతదానిలో తెరుచుకోదు. అందుకే చేతిలో పని ఉండగా వెర్షన్ మార్చడం పెళ్లి పందిట్లో వంటవాణ్ణి మార్చడం లాంటిది.

పాతిక వేల సంగతి. ముందు ల్యాప్‌టాప్‌ను మంచి మెకానిక్‌కు చూపించి, ర్యామ్ పెంచే వీలుంటే పెంచండి. వీలు లేకపోతే సాఫ్ట్‌వేర్ మాట పక్కనపెట్టి వాడిన ల్యాప్‌టాప్ ఒకటి చూసుకోవాలి. ఆ తర్వాత మిగిలిన డబ్బును బట్టి కొనడం. ఆ కంపెనీ విద్యార్థులకు 40 శాతం తగ్గిస్తుంది కాబట్టి కాలేజీ ఐడీ చేతిలో ఉన్న ఈ ఏడాదే దానికి సరైన సమయం. డబ్బు చాలకపోతే రీపర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. చిన్నగా పనిచేసుకునేవాళ్లకు లైసెన్స్ 60 డాలర్లు, 60 రోజులు వాడి చూశాకే కొనమంటారు, పాత కంప్యూటర్ల మీదా తేలిగ్గా నడుస్తుంది. ఎవరో ఉచితంగా ఇస్తామనే క్రాక్ కాపీ, అంటే దొంగ కాపీ జోలికి మాత్రం పోనివ్వకండి. వైరస్ వచ్చి రికార్డింగులు పోతే ఆ గురువు మళ్లీ వచ్చి పాడడు.

ఇక వాళ్ల నాన్నగారి మాట. ఆయన భయం అర్థమవుతుంది, తొందర మాత్రం అక్కర్లేదు. బ్యాంకు క్లర్కు పరీక్షకు 28 ఏళ్ల దాకా వయసుంటుంది. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఈ పనికిచ్చి చూసినా ఆ దారి మూసుకుపోదు. డిగ్రీని మాత్రం మధ్యలో వదలకూడదు. పుణేలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ సినిమా చదువు చెప్పే ప్రభుత్వ సంస్థలు, రెండింట్లోనూ సౌండ్ కోర్సులున్నాయి. ఆ కోర్సులకు డిగ్రీ ఉండాలి. ప్రవేశ పరీక్ష నోటిఫికేషన్ పడగానే అర్హతలు అక్షరం వదలకుండా చదవమనండి. కడప ఆకాశవాణి కూడా ఊళ్లోనే ఉంది. వెళ్లి అడిగి, రికార్డింగ్ ఎట్లా చేస్తారో చూసి రావడానికి ఖర్చేమీ లేదు.

ఈ నెలలో ఒక్క పాట, సగంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది, ఉన్న లైట్‌లోనే పూర్తిచేసి వాళ్ల నాన్నకు వినిపించమనండి. కొత్త వెర్షన్ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. లైవ్‌ను 30 రోజులు పూర్తిగా ఉచితంగా వాడుకునే ట్రయల్ ఉంది, దాన్ని ఇప్పుడే మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్పండి. ర్యామ్ పని అయి, సెమిస్టర్ పరీక్షలు ముగిసిన మరునాడు ఇన్‌స్టాల్ చేసుకుంటే ఆ నెల మొత్తం పాటలకే దక్కుతుంది.